పుదూరు అల్లాడి వారు, హైకోర్టు పీఠం

ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు 1982లో ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న అల్లాడి కుప్పుస్వామి పూర్వీకులది నెల్లూరు జిల్లా పుదూరు. తాత ఏకామ్ర శాస్త్రి గుడి అర్చకులు. తండ్రి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మద్రాసు రాష్ట్రానికి 15 ఏళ్లు అడ్వకేట్ జనరల్‌గా పనిచేసి, తరువాత భారత రాజ్యాంగ రచనా సంఘంలో సభ్యులయ్యారు. మూడు తరాల్లో ఈ ఇల్లు అర్చకత్వం నుంచి వకాలతుకు, అక్కడి నుంచి న్యాయపీఠానికి చేరింది. కోస్తా ఆంధ్రలో హైకోర్టు న్యాయమూర్తి పదవి ఎలా ఏర్పడింది, ఎవరికి అందింది, ఎవరికి చాలాకాలం అందలేదు అన్న సంగతులు ఈ కుటుంబ చరిత్రతో ముడిపడి ఉన్నాయి.

నెల్లూరు సీమకు ధర్మశాస్త్ర చర్చ ఇంగ్లీషువాళ్లతో వచ్చింది కాదు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి నెల్లూరు ఏలుతుండగా మంత్రిగా ఉన్న తిక్కనకు కేతన తన దశకుమారచరిత్రను అంకితమిచ్చాడు. ఆ కేతనే విజ్ఞానేశ్వరీయం రాశాడు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి సంస్కృతంలో చేసిన వ్యాఖ్యానం మితాక్షర. దానికి తెలుగు పద్యరూపం విజ్ఞానేశ్వరీయం. ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని మూడు కాండలు. వీటిలో నేటి న్యాయవాదికి దగ్గరైనది వ్యవహారకాండ. అప్పు, తాకట్టు, సాక్ష్యం, పొలం హద్దులు, అన్నదమ్ముల పంపకం వంటివి స్మృతిలో ఆ భాగం కిందికే వస్తాయి. ఎక్కువమంది దీన్ని తెలుగు పద్య చరిత్రలో భాగంగానే చదువుతారు. తెలుగులో న్యాయశాస్త్ర రచనకు మొదటి అడుగుగా కూడా దీన్ని చదవాలి.

1801లో కర్ణాటక నవాబు తన రాజ్యాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించడంతో నెల్లూరు కంపెనీ జిల్లా అయింది. మరుసటి ఏడు వచ్చిన రెగ్యులేషన్లతో మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కోర్టుల పద్ధతి మొదలైంది. జడ్జి దొర ఇంగ్లీషువాడు. వారసత్వం, వివాహం, దత్తత వంటి విషయాల్లో హిందువులకు శాస్త్రం చెప్పడానికి పండితులను, ముస్లింలకు చెప్పడానికి కాజీలను కోర్టులోనే జీతమిచ్చి పెట్టుకున్నారు. పండితుడు రాసిచ్చిన వ్యవస్థను, అంటే శాస్త్రాభిప్రాయాన్ని బట్టి దొర తీర్పు చెప్పేవాడు. ఆ పండితులు ప్రధానంగా ఆధారపడిన గ్రంథం మితాక్షరే. అందులోని దాయభాగం 1810లో కోల్‌బ్రూక్ చేతుల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చాక, శాస్త్రం కోసం పండితుడి మీద ఆధారపడే అవసరం దొరకు తగ్గుతూ వచ్చింది. 1864లో కోర్టు పండితుల, కాజీల ఉద్యోగాలే రద్దయ్యాయి.

ఈ మధ్యలో 1816లో థామస్ మన్రో సంస్కరణలు వచ్చాయి. ఊళ్లో గ్రామ మునసబు పది రూపాయల లోపు దావాలు విచారించవచ్చు. పైన జిల్లా మున్సిఫ్, ఆ పైన జిల్లా కోర్టు, చివరికి మద్రాసులో సదర్ అదాలత్. నెల్లూరు జిల్లా పల్లెల్లో చాలామందికి కోర్టంటే మున్సిఫ్ కోర్టే. దావా అర్జీ స్టాంపు కాగితం మీద రాయించడం, సమను పట్టుకుని అమీనా ఇంటికి రావడం, వాయిదాకు బండి కట్టుకుని వెళ్లడం, తీర్పు నకలు కోసం గుమస్తా చుట్టూ తిరగడం, ఇవన్నీ ఆ తరాలకు అలవాటైన పనులు. అప్పీలంటే మాత్రం మద్రాసే. 1878 నుంచి బకింగ్‌హామ్ పేరుతో పిలిచిన తీరపు కాలువలో పడవల మీద సరుకూ జనమూ అటు వెళ్లేవారు. 1899లో మద్రాసు, బెజవాడ మధ్య రైలు నడవడంతో నెల్లూరు వకీలుకు హైకోర్టు ఒక్క పూట ప్రయాణమైంది.

మద్రాసు హైకోర్టు 1862 ఆగస్టు 15న మొదలైంది. అంతకు ముందున్న సుప్రీం కోర్టును, సదర్ అదాలత్‌ను కలిపి దీన్ని ఏర్పాటు చేశారు. 1861 నాటి చట్టం ప్రకారం న్యాయమూర్తుల్లో కనీసం మూడో వంతు బారిస్టర్లు, మరో మూడో వంతు సివిల్ సర్వీసు అధికారులు ఉండాలి. ప్రధాన న్యాయమూర్తి తప్పకుండా బారిస్టరే కావాలి. ఇక్కడి కోర్టుల్లో వాదించే వకీళ్లకు మిగిలిన కొద్ది స్థానాలే దిక్కు. 1878లో టి. ముత్తుస్వామి అయ్యర్ ఆ కోర్టుకు తొలి భారతీయ న్యాయమూర్తి అయ్యారు. అంతటి పేరున్న మనిషి కూడా తాత్కాలికంగా తప్ప ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో కూర్చోలేకపోయారు. 1935 భారత ప్రభుత్వ చట్టం ఈ వాటాలను తీసేసింది. దాని ఫలితంగానే 1948లో పి. వి. రాజమన్నార్ మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి కాగలిగారు. ఆయన తెలుగులో నాటికలు రాసిన రచయిత కూడా.

ఈ వాటాల కాలంలోనే పుదూరులో 1883 మే 14న కృష్ణస్వామి పుట్టారు. 1899లో మెట్రిక్యులేషన్ గట్టెక్కి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చరిత్ర చదివారు. లా పూర్తయ్యాక పి. ఆర్. సుందరం అయ్యర్ దగ్గర జూనియర్‌గా చేరారు. 1891లో మద్రాస్ లా జర్నల్‌ను స్థాపించిన వారిలో ఒకరైన సుందరం అయ్యర్ తరువాత హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. తీర్పులు అచ్చులో వచ్చి, వకీళ్లు వాటిని చదివి, ఒక కోర్టు మాటను మరో కోర్టులో చూపి వాదించే అలవాటు బలపడుతున్న రోజులవి. కృష్ణస్వామి చేరిన ఇల్లు ఆ అలవాటుకు ఒక కేంద్రం.

1907లో ఆయన వకీలుగా నమోదయ్యారు. మరుసటి ఏడే మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం వచ్చింది. వెంకటగిరి, కాళహస్తి వంటి జమీందారీలున్న నెల్లూరు సీమలో రైతుకు, జమీందారుకు మధ్య శిస్తు, పట్టా, మామూళ్ల తగాదాలు ఇక ఈ చట్టం సెక్షన్ల మీదే నడిచాయి. భూమి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకు ఒకవైపు మితాక్షర, ఇంకోవైపు కంపెనీ కాలపు సనదులు, మరోవైపు కొత్త శాసనం జవాబు చెప్పే ఆ సంధికాలంలో మూడూ తెలిసిన వకీలుకు గిరాకీ ఉండక తప్పదు. 1926లో కైసర్-ఇ-హింద్ పతకం, 1930లో దివాన్ బహదూర్, 1932లో సర్ బిరుదు వచ్చాయి. 1929 నుంచి 1944 దాకా అడ్వకేట్ జనరల్. జస్టిస్ పార్టీ మంత్రివర్గాల్లోనూ, 1937లో వచ్చిన రాజాజీ కాంగ్రెసు మంత్రివర్గంలోనూ ఆ కుర్చీలో ఆయనే. తరువాతి రాజ్యాంగం ప్రకారం హైకోర్టు న్యాయమూర్తి కావడానికి తగిన అర్హత ఉన్నవారే అడ్వకేట్ జనరల్ కావాలి. కృష్ణస్వామి మాత్రం ఎన్నడూ న్యాయమూర్తి కాలేదు. అయినా తరువాతి న్యాయమూర్తుల పని స్వరూపాన్ని నిర్ణయించడంలో ఆయన పాత్ర చాలామంది న్యాయమూర్తుల కంటే పెద్దది.

1947లో రాజ్యాంగ సభ సుప్రీంకోర్టు గురించి ఒక ప్రత్యేక సంఘాన్ని వేసింది. ఎస్. వరదాచారి, బి. ఎల్. మిట్టర్, కె. ఎం. మున్షీ, బి. ఎన్. రావుతో పాటు కృష్ణస్వామి అందులో ఉన్నారు. న్యాయమూర్తుల నియామకాన్ని దేశాధినేత ఒక్కరి ఇష్టానికి వదలకూడదని ఆ సంఘం చెప్పింది. ఆ ఏడాది ఆగస్టు 29న ఏర్పడిన రచనా సంఘంలోకి కూడా ఆయన వచ్చారు. అప్పటికే ఆరోగ్యం బాగులేదు. 1949 నవంబరు 25న అంబేడ్కర్ తన ముగింపు ప్రసంగంలో, రచనా సంఘంలో తనకంటే సమర్థులు ఉన్నారంటూ కృష్ణస్వామి పేరు చెప్పారు. అంబేడ్కర్ నోట వచ్చిన ఆ మాటను మర్యాదకు అన్నదిగా కొట్టిపారేయలేం.

ఆయన జోక్యం గట్టిగా కనిపించే చోటు వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన నిబంధన. చట్టం న్యాయమైనదా కాదా అని కూడా కోర్టు తూచాలా, లేక చట్టసభ పెట్టిన పద్ధతిని పాటించారా లేదా అని చూస్తే చాలా? అమెరికాలో మొదటి పద్ధతి ఉంది. అక్కడి న్యాయమూర్తులు దాని ఆధారంగా కార్మికుల పని గంటల చట్టాలను కొట్టేసిన చరిత్ర ఉంది. భూసంస్కరణలు, కార్మిక చట్టాలు చేయవలసిన పేద దేశంలో అదే జరిగితే ఎలా అన్నది కృష్ణస్వామి ఆందోళన. చివరికి రాజ్యాంగంలోకి రెండో పద్ధతే వచ్చింది. న్యాయమూర్తి స్వతంత్రంగా ఉండాలి కానీ, ఆ స్వతంత్రత పేరుతో చట్టసభ మీద మరో చట్టసభలా కూర్చోకూడదని ఆయన సభలో స్పష్టంగా చెప్పారు. ఇందులో ఒక ప్రమాదం ఉంది. చట్టసభే పౌరుడి మెడ మీద కత్తి పెడితే కాపాడేదెవరు? 1950లోనే ఎ. కె. గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు రెండో పద్ధతిని అక్షరాలా పట్టుకుని నిర్బంధ చట్టాన్ని చాలావరకు నిలబెట్టింది. ఆ తీర్పు ప్రభావం తొలగడానికి 1978లో మేనకా గాంధీ కేసు దాకా ఆగవలసి వచ్చింది.

న్యాయమూర్తికి ఆ చోట కళ్లెం వేసిన రాజ్యాంగమే ఇంకో చోట పగ్గాలు వదిలింది. ఈ సంగతి పల్లె మనిషికి ఇంకా ముఖ్యం. 1950కి ముందు రిట్లు జారీ చేసే అధికారం కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకే ఉండేది. దానికీ హద్దు ఎక్కడో 1943లో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. గంజాం ప్రాంతంలోని పర్లాకిమిడి జమీందారీ రైతులు శిస్తు పెంపు మీద పోరాడి, రెవెన్యూ బోర్డు ఉత్తరువును కొట్టేయమని మద్రాసు హైకోర్టును ఆశ్రయించారు. బోర్డు ఆఫీసు మద్రాసు నగరంలో ఉన్నంత మాత్రాన సరిపోదని, పొలాలూ రైతులూ నగరం బయట ఉన్నందున రిట్టు జారీ చేసే అధికారం హైకోర్టుకు లేదని లండన్‌లో తేల్చారు. ఆ లెక్కన తీరం వెంట ఉప్పు మడులు చేసుకునేవాడికీ, పెన్నా కింద వరి పండించేవాడికీ అధికారి తప్పు ఉత్తరువిస్తే రిట్టు దారి మూసుకుపోయినట్టే. రాజ్యాంగం 226వ అధికరణం ఈ హద్దును చెరిపేసింది. ప్రతి హైకోర్టూ తన పరిధిలోని ఏ ప్రభుత్వ అధికారికైనా రిట్టు పంపవచ్చు. అదీ ప్రాథమిక హక్కుల కోసమే కాదు, ఇతర ప్రయోజనాల కోసం కూడా. సివిల్ అప్పీళ్లు వినే కోర్టు ఆ రోజు నుంచి ప్రభుత్వాన్ని నిలదీసే కోర్టు కూడా అయింది. నేటి హైకోర్టు న్యాయమూర్తి రోజువారీ పనిలో పెద్ద భాగం ఈ ఒక్క అధికరణం నుంచి పుట్టింది.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ రాష్ట్రం కోసం మద్రాసులో ప్రాణాలిచ్చిన పొట్టి శ్రీరాములు పేరునే ఇప్పుడు నెల్లూరు జిల్లాకు పెట్టారు. రాష్ట్రం పుట్టిన రెండు రోజులకు, అక్టోబరు 3న, కృష్ణస్వామి మద్రాసులో కన్నుమూశారు.   

రాజధాని ఒక చోట, హైకోర్టు మరో చోట ఉండాలన్న శ్రీబాగ్ ఒడంబడిక మాట ప్రకారం 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు తెరుచుకుంది. తొలి ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. నెల్లూరు వకీళ్ల ప్రయాణం దక్షిణం నుంచి ఉత్తరానికి తిరిగింది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, కోర్టు హైదరాబాదులో మూసీ ఒడ్డున నిజాం కట్టించిన భవనానికి మారడంతో ఆ ప్రయాణం ఇంకా పెరిగింది. సుబ్బారావు 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. కృష్ణస్వామి వద్దన్న దారిలోనే ఆయన నడిచారు. 1962లో ఖరక్ సింగ్ కేసులో పోలీసుల నిఘా వ్యక్తి స్వేచ్ఛను హరిస్తుందని భిన్నాభిప్రాయ తీర్పు రాశారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో 6–5 ఆధిక్యంతో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో కూడా తగ్గించజాలదని తీర్పిచ్చారు. నెల్లూరు సీమ మనిషి చట్టసభను నమ్మారు, గోదావరి తీరపు మనిషి న్యాయపీఠాన్ని నమ్మారు. ఆస్తి హక్కు విషయంలో కృష్ణస్వామి భయం నిజమైంది. వ్యక్తి స్వేచ్ఛ విషయంలో సుబ్బారావు మాటే నిలిచింది. ఖరక్ సింగ్ కేసులో ఆయన చెప్పినదాన్ని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఆమోదించారు.

కుప్పుస్వామి 1920 మార్చిలో పుట్టారు. న్యాయవాదిగా పనిచేసి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1970లలో ఆ కోర్టు పని తీరు మారింది. గూడూరులోనో కావలిలోనో మున్సిఫ్ కోర్టులో మొదలైన పొలం దావా జిల్లా స్థాయిలో మొదటి అప్పీలు దాటి హైకోర్టుకు రెండో అప్పీలుగా వచ్చేది. 1976 సవరణతో సివిల్ ప్రొసీజర్ కోడు 100వ సెక్షన్ బిగిసింది. గట్టి న్యాయ ప్రశ్న ఉంటే తప్ప రెండో అప్పీలు తీసుకోకూడదు. సాక్షి అబద్ధమాడాడా, హద్దురాయి జరిగిందా అన్నది కింది కోర్టులు తేల్చాలి. హైకోర్టు న్యాయమూర్తి కట్ట విప్పగానే మొదట వెతకవలసింది ఆ ప్రశ్ననే. అదే కాలంలో ప్రభుత్వోద్యోగాలు, భూపరిమితి, అనుమతుల మీద రిట్లు పెరిగాయి. 1978లో కె. అమరేశ్వరి ఆ హైకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తిగా వచ్చారు. కోర్టు పుట్టి పాతికేళ్లు కావస్తుండగా జరిగిన మార్పు ఇది. సంస్కృతమూ ఇంగ్లీషూ రెండూ అందిన ఇళ్ల నుంచే చాలాకాలం న్యాయమూర్తులు వచ్చారు. అల్లాడి వారి ఎదుగుదలలో ప్రతిభ ఎంత నిజమో, ఆ దారి అందరికీ తెరిచి లేదన్నదీ అంతే నిజం.

1982లో చల్లా కొండయ్య తరువాత ప్రధాన న్యాయమూర్తి అయిన కుప్పుస్వామి కొద్దికాలానికే 62 ఏళ్లు నిండి విరమించారు. పదవి తరువాత ఆయన చేసిన పనుల్లో రెండు నిలిచాయి. ఒకటి తండ్రి జీవితం మీద భారతీయ విద్యాభవన్ ప్రచురించిన గ్రంథం. రెండోది మెయిన్ హిందూ లా పునఃపరిష్కరణ. మద్రాసు బారులో పనిచేసిన జాన్ మెయిన్ 1878లో వేసిన ఈ పుస్తకాన్ని తరువాతి కాలంలో ఎస్. శ్రీనివాస అయ్యంగార్, ఎన్. చంద్రశేఖర అయ్యర్ వంటివారు సవరిస్తూ వచ్చారు. 1986లో వచ్చిన పన్నెండో కూర్పు కుప్పుస్వామి చేతిది. హిందూ వారసత్వం మీద వాదించే వకీలు బల్ల మీద ఉండే పుస్తకం అది.

ఆ కూర్పు వెలువడిన సమయమే ఆసక్తికరమైనది. మితాక్షర ప్రకారం కొడుకుకు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటా వస్తుంది. తండ్రికి 12 ఎకరాల పిత్రార్జితం, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకుంటే, తండ్రికీ కొడుకులకూ తలా 4 ఎకరాలు. మరో కొడుకు పుడితే ఒక్కొక్కరి వాటా 3 ఎకరాలకు తగ్గుతుంది. కూతురికి పుట్టుకతో వచ్చేది ఏమీ లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం కొంత మార్చింది. తల్లి ముందే పోయి, వీలునామా లేకుండా తండ్రి చనిపోతే ఆయన 4 ఎకరాలు ముగ్గురు పిల్లలకూ సమానం. కూతురికి ఎకరా 33 సెంట్లు, కొడుకులకు 5 ఎకరాల 33 సెంట్ల చొప్పున. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుక హక్కు ఇచ్చింది. ఇప్పుడు తండ్రితో కలిపి నాలుగు వాటాలు, తలా 3 ఎకరాలు. తండ్రి పోయాక ఆయన 3 ఎకరాల్లో పిల్లలకు ఎకరా చొప్పున. ముగ్గురికీ తలా 4 ఎకరాలే. దేశంలో ఈ హక్కును కూతుళ్లకు ముందుగా ఇచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపడుచులు మిగిలిపోయారు. 2005 కేంద్ర సవరణ పెళ్లితో సంబంధం లేకుండా అందరికీ ఆ హక్కును ఇచ్చింది. కొడుకన్న కారణంతోనే తండ్రి అప్పు తీర్చాలన్న పాత బాధ్యతనూ ఆ తరువాతి అప్పులకు వర్తించకుండా తీసేసింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న చిక్కును 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు విప్పింది. అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వస్తుందని తీర్పు చెప్పింది.

రాష్ట్ర విభజన తరువాత 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో వేరే హైకోర్టు ఏర్పడింది. మొదట విజయవాడలో తాత్కాలికంగా పనిచేసి, ఆ ఏడాదే నేలపాడులోని న్యాయ సముదాయానికి మారింది. నెల్లూరు జిల్లా కోర్టు నుంచి అప్పీళ్లు మద్రాసు, గుంటూరు, హైదరాబాదుల తరువాత ఇప్పుడు అక్కడికి వెళుతున్నాయి.